మన లెక్కలు ఏ ఊళ్ళో ఉన్నాయి?

పలాసలో జీడి పరిశ్రమ నడిపే ఒక పెద్దాయన మా మొదటి కస్టమర్లలో ఒకరు. జీడిపిక్కలు ఎన్ని బస్తాలు దిగాయి, పప్పు ఎంత తేలింది, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, అన్నీ మా సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తారు. ఏటా మెయింటెనెన్స్ చెక్కు చేతిలో పెట్టేముందు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒకటే మాట అడుగుతారు. "ఏటి బాబూ, మన లెక్కలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాయి?"

2018 దాకా ఆయనకి ఇది అడగాల్సిన పని లేదు. లెక్కలు ఆయన గోదాం వెనక గదిలోనే ఉండేవి. ఒక టవర్ సర్వర్, అంటే లెక్కలన్నీ దాచి రోజంతా నడిచే కంప్యూటర్ పెట్టె, ఒక యూపీఎస్, పైన రేకులు. ఆ ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ గది రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో ఎవరికీ తెలియలేదు. రోడ్డు మీద చెట్లు కొడుతుంటే దాటుకుంటూ మూడో రోజుకి నేను శ్రీకాకుళం నుంచి వెళ్ళాను. తడిసిన పెట్టెలోంచి హార్డ్ డిస్క్ ఊడదీసి, జీడిపప్పు ప్యాకింగ్ కవర్లో చుట్టి, చొక్కాలో దోపుకుని తెచ్చాను. డిస్క్ బతికింది. ఆ రోజు తర్వాత కస్టమర్ దగ్గర సర్వర్ పెట్టడం అనే పద్ధతే మానేశాను.

అందరూ చేసినట్టే మేమూ క్లౌడ్‌లోకి వెళ్ళాం, అంటే పెద్ద కంపెనీల కంప్యూటర్లని ఇంటర్నెట్ మీద అద్దెకి వాడుకోవడం. పెద్దాయన అడిగితే "ముంబైలో ఉన్నాయి" అనేవాణ్ణి. "ముంబైలో ఎక్కడ?" అంటే నా దగ్గర జవాబు లేదు. అక్కడ నాకు ఇచ్చింది ఒక పెద్ద మెషీన్‌లో ఒక ముక్క, వర్చువల్ మెషీన్ అంటారు. ఆ ముక్క ఇవాళ ఒక పెట్టెలో ఉంటుంది, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఇంకో పెట్టెలో లేస్తుంది. మూడేళ్ళు అలా నడిపి, చివరికి నేను మళ్ళీ ఇనుప పెట్టెకే వచ్చాను. ఈసారి సొంతానికి కొనలేదు. జర్మనీలో ఒక డేటా సెంటర్‌లో, అంటే సర్వర్లు పెట్టి నడిపే భవనంలో, మొత్తం మెషీన్‌ని నెల అద్దెకి తీసుకున్నాను. డెడికేటెడ్ సర్వర్ అంటారు, బేర్ మెటల్ అని కూడా అంటారు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో క్లౌడ్ ఇంజనీరు. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా పోకుండలు తింటూ నన్ను ఆట పట్టిస్తాడు. "ఎవరు మావయ్యా ఈ రోజుల్లో పెట్టెలు అద్దెకి తీసుకుంటారు? డిస్క్ పోతే మీరే చూసుకోవాలి, బ్యాకప్ మీరే, సాఫ్ట్‌వేర్ లోపాలకి వచ్చే ప్యాచ్‌లు వేసుకోవడం మీరే." వాడు చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మా లాంటి చిన్న ఊరి చిన్న దుకాణానికి, రోజూ ఒకేలా పని ఉండేవాడికి, ఈ పద్ధతే సరైనదని నా వాదన. ఏ ధర చెల్లించి ఈ మాట అంటున్నానో కూడా దాచకుండా చెప్తాను.

మన జిల్లాలో దీన్ని అర్థం చేసుకోవడం చాలా తేలిక. కౌలు తెలిసినవాడికి డెడికేటెడ్ సర్వర్ తెలిసినట్టే. పొలం నీది కాదు, పాస్‌బుక్కులో నీ పేరు ఉండదు. కానీ ఆ ఏడాదికి ఆ మడి మొత్తం నీదే. గట్టు తెగితే నువ్వే కట్టుకోవాలి, కలుపు నువ్వే తీసుకోవాలి. సర్వర్ ఇచ్చేవాడు కరెంటు, చల్లదనం, నెట్‌వర్క్ తీగ ఇస్తాడు. సామాను పాడైతే మార్చి పెడతాడు. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తావు, తలుపుకి ఏ తాళం పెడతావు అన్నది వాడికి అనవసరం. క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ అంటే గంట లెక్కన ట్రాక్టర్ పిలవడం. డ్రైవరు, డీజిలు, టైర్ల పంక్చరు అన్నీ వాళ్ళవే. అవసరమైన మూడు గంటలకి ఎంతో సుఖం. అదే ట్రాక్టర్‌ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా, సంవత్సరం పొడుగునా గంట లెక్కన పిలిచేవాణ్ణి మన ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు.

మా పని సరిగ్గా అలాంటిది. కొన్ని జూనియర్ కాలేజీల ఫీజులు, హాజరు, మార్కులు, నలుగురైదుగురు వ్యాపారుల ఖాతాలు. పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం ఆరుకి తగ్గుతుంది. సోమవారం కాస్త ఎక్కువ. అంతే. రేపు పది రెట్లు పెరుగుతుందన్న ఆశా లేదు, భయమూ లేదు.

నన్ను కదిలించింది 2020. లాక్‌డౌన్‌లో కాలేజీలు పాఠాలు రికార్డు చేసి పెట్టమన్నాయి. పెట్టాం. పిల్లలు శ్రద్ధగా చూశారు, అదే మా కొంప ముంచింది. క్లౌడ్‌లో డేటా లోపలికి రావడానికి డబ్బు తీసుకోరు, బయటికి వెళ్ళడానికి తీసుకుంటారు. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో ఉన్న కేంద్రంలో ఈ రేటు జీబీకి 11 సెంట్లకి అటూ ఇటూ ఉంటుంది. వినడానికి చిల్లరలా ఉంది కదా? నెలకి 3 టీబీ వీడియో వెళ్తే 300 డాలర్లు దాటుతుంది. మెషీన్ అద్దె కంటే తలుపు దాటించే రుసుము ఎక్కువైంది. చాలా డెడికేటెడ్ సర్వర్ కంపెనీలు ఈ ట్రాఫిక్‌ని అద్దెలోనే కలిపి ఇస్తాయి.

ఇక మెషీన్ సంగతి. 16 వీసీపీయూలు (క్లౌడ్‌లో ప్రాసెసర్‌కి వాడే కొలత), 64 జీబీ ర్యామ్ ఉన్న మామూలు రకం వర్చువల్ మెషీన్ పెద్ద క్లౌడ్‌లలో గంటకి ముప్పావు డాలరుకి అటూ ఇటూ పడుతుంది. నెలకి 730 గంటలు వేసుకుంటే 550 డాలర్ల దగ్గర తేలుతుంది. ఏడాదికో మూడేళ్ళకో మాట ఇస్తే బాగా తగ్గిస్తారు, అది ఒప్పుకోవాలి. అయితే వీసీపీయూ అంటే కోర్, అంటే ప్రాసెసర్‌లో పని చేసే ఒక పూర్తి భాగం, అనుకుని చాలామంది మోసపోతారు. ఇంటెల్ మెషీన్లలో అది సాధారణంగా కోర్‌లో ఒక థ్రెడ్, అంటే సగం. 16 అంటే నిజానికి 8 కోర్లు. నేను తీసుకున్న పెట్టెలో 6 కోర్లు, 64 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం డిస్క్‌లు రెండు. నెలకి 50 యూరోల లోపు, అంటే ఐదు వేల రూపాయలకి అటూ ఇటూ. పైగా పక్కవాడి గోల లేదు. చవక వర్చువల్ మెషీన్లలో మెషీన్ ఎంత పని చేస్తోందో చూపే టాప్ అనే కమాండ్ కొట్టి చూస్తే 'స్టీల్' అని ఒక అంకె కనిపిస్తుంది. నీకు రావాల్సిన ప్రాసెసర్ సమయాన్ని అదే పెట్టెలోని ఇంకొకడు ఎంత తినేశాడో చెప్పే లెక్క అది. పేరు భలే నిజాయితీగా పెట్టారు.

చవకకి కారణాలు లేకపోలేదు. నాది సర్వర్ ప్రాసెసర్ కాదు, డెస్క్‌టాప్ రకం. ర్యామ్‌లో తప్పుని తానే దిద్దుకునే ఈసీసీ లేదు. బ్యాంకు నడిపేవాడు దాని జోలికి వెళ్ళకూడదు. ఫీజు రసీదులకి చాలు.

జర్మనీ అంటే దూరం కదా అంటారు. దూరమే. ఇక్కణ్ణుంచి ఫ్రాంక్‌ఫర్ట్ గీత గీసినట్టు వెళ్ళినా ఏడు వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోయి రావడానికి 70 మిల్లీసెకన్లు ఎలాగూ తగ్గదు. తీగ తిన్నగా ఉండదు కాబట్టి నిజంగా దానికి రెట్టింపు పడుతుంది. ఫీజు కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి అది తెలియాలంటే ఒక్క క్లిక్కుకి ఇరవైసార్లు సర్వర్ దగ్గరికి పరిగెత్తాలి. మా పాత ప్రోగ్రామ్ నిజంగానే అలా పరిగెత్తేది. దాన్ని తిరగరాయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల జీతం కూడా ఈ లెక్కలో వేసుకోవాలి, నేను మొదట వేసుకోలేదు. పిల్లల వివరాలు దేశం బయట పెట్టొచ్చా అని ఒక ప్రిన్సిపాల్ గారు అడిగారు, మంచి ప్రశ్న. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, కేంద్రం ఫలానా దేశానికి వద్దని నోటిఫై చేస్తే తప్ప పంపవచ్చు. కార్డు చెల్లింపుల వివరాలైతే 2018 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం మన దేశంలోనే ఉండాలి. వాటిని మేం అసలు ముట్టుకోం, పేమెంట్ గేట్‌వే వాళ్ళే చూసుకుంటారు.

డబ్బు కట్టడంలో ఉన్న తలనొప్పి ఎవరూ ముందుగా చెప్పరు. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద నెలనెలా ఆటోమేటిక్‌గా కోసుకునే వాటికి రిజర్వ్ బ్యాంక్ కొత్త నియమం వచ్చింది. ముందు అనుమతి నమోదు కావాలి, 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. 2022 జూన్‌లో దాన్ని 15,000కి పెంచారు. ఆ మధ్యకాలంలో నా కార్డు నెల నెలా తిరిగొచ్చేది. అద్దె కట్టకపోతే వాళ్ళు ఉత్తరాలు రాస్తారు, తర్వాత తీగ పీకుతారు, ఆ తర్వాత డిస్క్ తుడిచి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకని ప్రతి నెలా మూడో తారీఖున లాగిన్ అయ్యి చేత్తో కట్టేవాణ్ణి, పాలవాడికి కట్టినట్టు. జీఎస్టీ కూడా రివర్స్ చార్జ్ కింద 18 శాతం మనమే కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. మా ఆడిటర్ గారు మొదటి ఏడాది దీన్ని చూసి నిట్టూర్చిన తీరు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు అసలు కథ. పెద్దాయనతో "ఇప్పుడైతే ఏ పెట్టెలో ఉన్నాయో, ఏ డిస్క్‌లో ఉన్నాయో నంబరుతో సహా చెప్పగలను" అని గొప్పగా అన్నాను. ఆ నంబరే నా పరువు తీసింది.

రెండు డిస్క్‌లు ఉన్నాయని చెప్పాను కదా, వాటిని రైడ్-1 పద్ధతిలో కట్టాను. రాసిన ప్రతి అక్షరం రెండింటిలోనూ పడుతుంది, ఒకటి చచ్చిపోయినా రెండోది నడిపిస్తుంది. సర్వర్‌లో వేసిన లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాని స్థితి చూస్తే 'యు' అక్షరాలు రెండు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి పోతే దాని చోట ఒక గీత వస్తుంది. 2023 డిసెంబర్‌లో ఏదో వేరే పని మీద లోపలికి వెళ్ళి చూస్తే గీత కనిపించింది. కడుపులో దేవినట్టయింది. వెనక్కి వెళ్ళి చూస్తే డిస్క్ పోయి అప్పటికి మూడు వారాలైంది. సర్వర్ తన ధర్మంగా రోజూ మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిల్ వెళ్తున్నది మా దగ్గర మానేసి బెంగళూరు వెళ్ళిపోయిన కుర్రాడి పేరు మీద ఉన్న డబ్బాలోకి. దాన్ని తెరిచేవాడు లేడు.

సరే, ఇంకో డిస్క్ బాగానే ఉంది కదా అని డేటా సెంటర్‌కి టికెట్, అంటే ఫిర్యాదు, పెట్టాను. పాడైన డిస్క్ సీరియల్ నంబరు ఇమ్మన్నారు. రెండేళ్ళ క్రితం రాసుకున్న కాగితం తీశాను. సున్నా డిస్క్‌కి ఈ నంబరు, ఒకటో డిస్క్‌కి ఆ నంబరు అని నీట్‌గా రాసి ఉంది. సిస్టమ్ ఒకటో డిస్క్ పోయిందంటోంది. కాగితంలో ఒకటో డిస్క్ నంబరు చూసి పంపేశాను. మధ్యలో సర్వర్ ఎన్నిసార్లో రీబూట్ అయింది. రీబూట్ అయినప్పుడు ఈ సున్నా, ఒకటి అన్న పేర్లు అటూ ఇటూ మారవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ నిమిషంలో గుర్తుకి రాలేదు. బతికున్న డిస్క్‌నే ఆ పూట మళ్ళీ అడిగితే తన నంబరు తానే చెప్పేది. అడగలేదు.

అవతలి టెక్నీషియన్ నేను చెప్పిన నంబరు వెతికి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. మంచి డిస్క్ పీకేశాడు. మన టైములో పొద్దున పదకొండున్నర. సర్వర్ మళ్ళీ లేచింది, హమ్మయ్య అనుకున్నాను. పది నిమిషాల్లో ఒక కాలేజీ నుంచి ఫోన్. "సార్, నిన్న ఫీజు కట్టిన పిల్లలందరికీ బాకీ చూపిస్తోంది." ఇంకో కాలేజీ. "సార్, మొన్నటి హాజరు లేదు." అప్పుడు వెలిగింది. మూడు వారాల క్రితం చచ్చిన డిస్క్ పూర్తిగా చావలేదు. కొన ఊపిరితో లేచి, తనకి తెలిసిన చివరి రోజు నుంచి దుకాణం తెరిచింది. మా సర్వర్ మూడు వారాలు వెనక్కి వెళ్ళిపోయింది. అంతకంటే భయంకరం ఏంటంటే, అంతా మామూలుగానే నడుస్తోంది. ఎక్కడా ఎర్ర అక్షరాల్లేవు.

పీకిన డిస్క్ తిరిగి పెట్టమని అడగవచ్చని నాకు తట్టేసరికి గంట దాటింది. అప్పటికే దాన్ని తుడవడానికి పంపేశారు. వాళ్ళ తప్పు లేదు, నేనే కదా పాడైందని చెప్పాను. రాత్రి రెండు గంటలకి తీసిన బ్యాకప్ వేరే చోట ఉంది. దాన్నుంచి సాయంత్రానికి నిలబెట్టాం. రాత్రి రెండు నుంచి మధ్యాహ్నం దాకా కట్టిన ఫీజులు మాత్రం గాలికి పోయాయి. వాటిని ఎలా తెచ్చామంటే, ఒక కాలేజీ గుమాస్తా మా సాఫ్ట్‌వేర్‌ని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. కార్బన్ పెట్టి రసీదు పుస్తకం కూడా రాసేవాడు. "రెండు పనులెందుకండీ, కంప్యూటర్ ఉంది కదా" అని నేనే రెండేళ్ళుగా నస పెట్టాను. ఆ రోజు ఆయన బల్ల ముందు నిలబడి ఆ పుస్తకం ఇవ్వమని అడిగాను. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మిగతా కాలేజీలవి ఫోన్లు చేసి, బ్యాంకు మెసేజ్‌లు చూసి, రెండు రోజులు కూర్చుని ఎక్కించాం.

మా మేనల్లుడు ఈ కథ విని "అందుకే చెప్పాను" అన్నాడు. నిజమే, వాడి క్లౌడ్‌లో అయితే చచ్చిన డిస్క్ గురించి నాకు కబురు కూడా అందేది కాదు, వాళ్ళే చూసుకునేవారు. అయితే నేను వాణ్ణి ఒకటే అడిగాను. వర్చువల్ మెషీన్‌లో మీవాళ్ళే ఎవరైనా పొరపాటున లెక్కలున్న డేటాబేస్ టేబుల్ చెరిపేస్తే? బ్యాకప్ నుంచే తేవాలి. ఆ బ్యాకప్ పని చేస్తుందని చివరిసారి ఎప్పుడు చూశావు? వాడు పోకుండ నమలడం మొదలుపెట్టాడు. డిస్క్ చావకుండా చూసే బాధ్యత డబ్బిచ్చి ఇంకొకరికి అప్పగించవచ్చు గానీ, లెక్కలు ఉన్నాయో లేదో చూసుకునే బాధ్యత ఎక్కడ అద్దెకున్నా మన నెత్తినే ఉంటుంది. ఆ పని ఎలాగూ చేయాల్సినప్పుడు, మొదటిదానికి నెలకి పది రెట్లు ఎందుకు కట్టాలన్నది నా ప్రశ్న.

ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో జరిగింది చూడండి. 2021 మార్చి 10 అర్ధరాత్రి దాటాక ఓవీహెచ్ అనే సర్వర్ల కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఐదంతస్తుల భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది, పక్కదాంట్లో కొంత భాగం పోయింది. మనుషులకేమీ కాలేదు. వెబ్‌సైట్లని లెక్కపెట్టే నెట్‌క్రాఫ్ట్ అనే సంస్థ ప్రకారం 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ తీసుకున్నామని ధీమాగా ఉన్నవాళ్ళలో కొందరి బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో కాలింది. గడ్డివాము పక్కనే ఇంకో గడ్డివాము వేసి రెండున్నాయి అనుకున్నట్టు.

కౌలు పొలంలో ముందు కౌలుదారు ఏం పెట్టి వెళ్ళాడో కూడా చూసుకోవాలి. 2019లో ఎక్లిప్సియమ్ అనే భద్రతా సంస్థ ఐబీఎం క్లౌడ్‌లో ఒక బేర్ మెటల్ సర్వర్ తీసుకుని, దాని మదర్‌బోర్డు మీద ఉండే చిన్న నిర్వహణ కంప్యూటర్, అంటే బీఎంసీ ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) చిన్న మార్పు చేసి తిరిగి ఇచ్చేసింది. మళ్ళీ అదే మెషీన్‌ని అద్దెకి తీసుకుంటే ఆ మార్పు అలాగే ఉంది. డిస్క్ తుడిచారు గానీ దాన్ని తుడవలేదు. తర్వాత ఐబీఎం ప్రతిసారీ ఆ ఫర్మ్‌వేర్‌ని కొత్తగా రాసే ఏర్పాటు చేసింది. సర్వర్ పూర్తిగా ఆఫ్ అయినా బయటినుంచి లేపగలిగేది ఈ బీఎంసీనే. బయటివాళ్ళని ఆపే ఫైర్‌వాల్ పెట్టి, నేను దూరం నుంచి లోపలికి వెళ్ళే దారి అయిన ఎస్ఎస్‌హెచ్ పోర్టు తెరవడం మర్చిపోయి నన్ను నేనే బయట పెట్టి తాళం వేసుకున్న రోజున నన్ను లోపలికి పంపింది కూడా అలాంటి ఏర్పాటే. దాన్ని ఇంటర్నెట్‌కి బట్టబయలుగా వదిలేసిన కంపెనీ దగ్గర మాత్రం తీసుకోకండి.

భూస్వామి కౌలు రద్దు చేసుకోవచ్చు కూడా. ఈక్వినిక్స్ అనే డేటా సెంటర్ల కంపెనీ 2020లో ప్యాకెట్ అనే కంపెనీని కొని బేర్ మెటల్ వ్యాపారం నడిపింది. 2024 నవంబర్‌లో, 2026 జూన్ 30తో మూసేస్తున్నామని చెప్పింది. కాబట్టి సర్వర్‌ని మొదటి నుంచి మళ్ళీ కట్టడం ఎలాగో స్క్రిప్ట్‌లో, అంటే కంప్యూటరే నడిపించే ఆదేశాల జాబితాలో, రాసి ఉండాలి, ఒక మనిషి తలకాయలో ఉండకూడదు. మా మేనల్లుడు గెలిచింది ఇక్కడే. "మీకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు మావయ్యా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మా దగ్గర పనిచేసే అమ్మాయి ప్రతి రెండో ఆదివారం నా సాయం లేకుండా బ్యాకప్ నుంచి కొత్త మెషీన్ నిలబెడుతుంది. ఆ కొత్త మెషీన్ క్లౌడ్‌లో రెండు గంటలకి అద్దెకి తీసుకున్నదే. ఇంటర్ రిజల్ట్స్ రోజున కూడా మార్కుల పేజీలు క్లౌడ్‌లోనే పెడతాం. కోతల్లో మిషన్‌ని గంట లెక్కన పిలవడానికి నాకేం అభ్యంతరం లేదు.

2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్లు కట్టి, ఇక చాలని బయటికి వచ్చేసిన 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కథని నా తరఫు సాక్ష్యంగా చెప్పాలని చాలాసార్లు అనిపించింది. చెప్పను. వాళ్ళు సర్వర్లు సొంతంగా కొనుక్కున్నారు, వాళ్ళకి ఆ పని తెలిసిన జట్టు ముందే ఉంది. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మేడ మీద నలుగురం కూర్చునే మా దుకాణానికి ఆ పోలిక నప్పదు.

డిస్క్‌ల నంబర్ల పాత కాగితం చింపేశాను. ఇప్పుడు ప్రతి రోజూ సర్వరే తన డిస్క్‌ల నంబర్లు, ఆరోగ్యం మా ముగ్గురి ఫోన్లకి పంపుతుంది. పంపకపోతే అది కూడా అలారమే.

మొన్న పలాస వెళ్ళాను. పెద్దాయన చెక్కు పుస్తకం తీసి, కళ్ళద్దాలు పైకి తోశారు.

"జర్మనీలో ఉన్నాయండి. ఇంకో కాపీ ముంబైలో వేరే కంపెనీ దగ్గర. వారానికోసారి తీసిన కాపీ మా ఇంట్లో బీరువాలో."

"బీరువాలోదా? మళ్ళీ తుపానొస్తే?"

"కవర్లో చుట్టానండి. మీ జీడిపప్పు కవరే."

ఆయన సంతకం పెడుతూ, "కొత్త కవర్లు వచ్చాయి, రెండు పట్టుకెళ్ళు" అన్నారు.